పోర్ట్ క్లాంగ్‌లో రబ్బరు చక్రం వేట

పాత పడవ ఇంజన్లతో తిప్పలు పడుతున్న మిత్రులారా, దొరికింది! ఆ సంతోషంలోనే రాస్తున్నాను. నది ఒడ్డున ఉన్న మా ఊరు తెలుక్ ఇంటాన్‌లో మా అమ్మాయి సుమతి నది మీద జనాన్ని తిప్పుదామని పాత పడవ కొంది. ఆదివారం మొదటి బేరం. గురువారం నాడు ఇంజన్ చల్లబడడానికి నీళ్లు తోడే రబ్బరు చక్రం ముక్కలైపోయింది. అది లేకుండా నడిపితే ఇంజన్ కాలిపోతుంది. మా ఊరి పడవ సామాన్ల కొట్టు ఇప్పుడు ఫోన్ల కొట్టు. ఉత్తరం రాస్తే పోస్టులో సామాను పంపే కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆన్‌లైన్‌లో వారం పడుతుందట. మొదటి బేరమే పోతే ఇక ఎవరు పిలుస్తారని పిల్ల అన్నం మానేసింది.

పోర్ట్ క్లాంగ్ రేవులో పడవ సామాన్ల కొట్లుంటాయని విని శుక్రవారం పొద్దున్నే క్లాంగ్ బస్సెక్కాను. టికెట్టు ఇరవై రింగిట్లకు పైనే. మూడు గంటల ప్రయాణం. అక్కణ్ణుంచి కమ్యూటర్ రైలుకు రెండు మూడు రింగిట్లు. పోర్ట్ క్లాంగ్ ఆఖరి స్టేషను కాబట్టి కునుకు తీసినా భయం లేదు. దిగాక టాక్సీ ఎక్కి పడవ సామాన్ల కొట్లకు పోనిమ్మంటే డ్రైవరు, "ఈ వరస నిండా అవే కొట్లుండేవి అంకుల్, ఒక్కటే మిగిలింది లా! అదీ ఈ నెలాఖరు వరకే" అన్నాడు. (మాట చివర 'లా' తగిలించడం ఇక్కడి అలవాటు.)

కొట్లో లంగర్లు, తాళ్లు సగం ధరకు కుప్పలు పోసి ఉన్నాయి. రేవులో పడవ దగ్గరే ఉన్న సుమతితో నేను ఫోన్లో మాట్లాడుతుంటే గల్లా దగ్గరున్న పెద్దావిడ ముఖం వెలిగిపోయింది.

"ఏటి బావూ, తెలుగోలా?"

అచ్చం మా ఇంటి యాస! ఫోన్ స్పీకర్లో పెట్టి చక్రం సంగతి చెప్పాను. ఆమె పేరు నూకాలమ్మ. ఆ కొట్లో ముప్పై ఏళ్లుగా పనిచేస్తోంది.

"పాత సెక్రం ఇయ్యండి, పక్కనెట్టి సూత్తాను."

"లేదమ్మా. కర్పూరం ఎలిగించి నదిలో వొదిలేసినాను. మా అయ్య పాత వల అలాగే వొదిలేవోడు, పీడ పోతదని."

"నదికిచ్చినారా! నదికేటి ఇంజన్ ఉందా బావూ, బిగించుకోడానికి?"

ఫోన్లో సుమతి పకపకా నవ్వింది. "నేను వొద్దన్నాను లా అత్తా! నాన్న ఇంటేనా?"

"అమ్మీ, సెక్రం తిరిగే గిన్నెలో నీ గాజు పట్టుద్దేటో సూడు."

"సరిగ్గా దిగిపోనాదత్తా!"

"ఏ సైజు గాజు?"

"రెండుంపావు."

"నాదీ అదే!"

నూకాలమ్మ తన గాజు తీసి డబ్బాలోని చక్రాల్ని ఒక్కొక్కటే అందులోకి తోసింది. కొన్ని వదులు, కొన్ని పట్టనే లేదు. చివరికి ఒకటి రెక్కలు కొద్దిగా వంచుకుని బిగువుగా కూర్చుంది. ఆ సైజువి రెండే ఉంటే రెండూ కొనేశాను.

"కొట్టు మూసేత్తే ఏటి సేత్తావమ్మా?" అన్నాను.

"ముప్పయ్యేళ్లు నిలబడ్డాను బావూ. ఇంక కూకుంటాను లా!" నవ్వింది గానీ, డబ్బా మూత రెండుసార్లు తెరిచి మూసింది.

సాయంత్రానికి ఇల్లు చేరాను. సుమతి చక్రం బిగించి తాడు లాగింది. ఇంజన్ పక్కనుంచి నీళ్లు చర్రున చిమ్మి నా చొక్కా తడిపేశాయి. ఈ వయసులో రేవు మీద గంతులేశాను! ఆదివారం పడవ నిండా జనం. ముందు చోటు నాది. నది గాలి తగులుతుంటే ఆ కొట్టే గుర్తొచ్చింది. సామాను రేపు ఫోన్లోనూ దొరుకుతుంది. చేతి గాజు తీసి కొలిచి ఇచ్చే మనిషి ఏ పార్సెల్లో వస్తుంది?

ఈ నెలాఖరులోగా మీరు ఆ కొట్టుకు వెళ్తే పాత ముక్కను గుడ్డలో చుట్టి తప్పకుండా పట్టుకెళ్లండి. దొరికితే రెండు కొనండి. మళ్లీ వెళ్లేసరికి ఆ కొట్టు ఉండదు.