కోదండం సారు ముడి

దోమను చూసి గద్దని చెప్పే అలవాటు నాకుంది. ముందే ఒప్పుకుంటున్నాను, కింద రాసింది సగానికి తగ్గించుకుని చదవండి. దయ్యాలను మాత్రం ఎప్పుడూ నమ్మలేదు. పలమనేరు వైపు ఒక మండలాఫీసులో రికార్డు గది చూసే నాకు ఎలుకలంటేనే భయం. మా ఎలుకలు పొట్టేళ్లంత ఉంటాయి.

నాకు ముందు ఈ గది చూసిన మా కోదండం సారు విశాఖలో నేవీ ఓడల మీద ఇరవై ఏళ్లు సరుకులు చూసి, తర్వాత మాజీ సైనికుల కోటాలో రెవెన్యూలోకి వచ్చారు. సముద్రం వదిలారు గానీ ఓడను వదల్లేదు. ఫైళ్ల కట్టలన్నిటికీ ఓడ తాళ్లకు వేసే ముడే వేసేవారు. ఒక కొస లాగితే కట్టంతా విచ్చుకుంటుంది. రెండో కొస లాగితే ఏనుగుకైనా ఊడదు.

"నేర్చుకోప్పా. ఓడలో చీకట్లో చెయ్యి పెట్టినా వస్తువు దొరకాల. ఈడ కాయితం పోతే ఒక మనిషి మునిగినట్టే," అనేవారు.

నేను నేర్చుకోలేదు. ఆయన రిటైరైన ఏడాదికే పోయారు. ముడులు విప్పలేక రెండు మూడు కట్టలు కత్తెరతో కోశాను. కాగితాలు కలిసిపోయాయి.

వాటిలో మునెమ్మ ఇంటిజాగా ఫైలు పోయింది. ఇడ్లీలు అమ్ముకునే ఒంటరి మనిషి. ఒకరోజు ఆఖరి గడువు వచ్చేసింది. మధ్యాహ్నం మూడింటికల్లా ఫైలు దొరక్కపోతే జాగా ఇంకొకరికి రాసేస్తారు.

"నలభైసార్లు తిరిగినా. నా ఇల్లు నీ గదిలోనే యాడనో ఉండాది, సూడు నాయనా," అంది.

పొద్దుటినుంచి వెతికాను. లేదు. గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చి తలుపు తీస్తే బల్ల మీద ఒక కట్ట. ఎర్ర నాడా. కోదండం సారు ముడి. గదంతా సముద్రం వాసన.

కొస లాగాను. విచ్చుకుంది. పైనే మునెమ్మ ఫైలు.

జాగా ఆమెకే నిలిచింది. మర్నాడు నాకు రెండు ఇడ్లీలు ఎక్కువేసింది.

"నువ్వు కొయ్యకుండా మిగిలిన కట్ట అయ్యుంటాదిలేన్నా. బల్ల మీద పెట్టి మరిసిపోయింటావు," అన్నాడు మా అటెండరు. తలూపాను.

ఇక నేను కల్పించింది చెప్పేస్తాను. సముద్రం వాసన అబద్ధం, వచ్చింది ఎలుకల వాసనే. ఇంకో మాట, రెండు మూడు కట్టలు కోశానని రాశాను. జీవితంలో మొదటిసారి తగ్గించి చెప్పాను, సిగ్గేసి. గదిలో ఉన్న కట్టలన్నీ కోశాను. ఒక్క ముడి కూడా మిగల్చలేదు.