ఇంటర్ లేని డిగ్రీ

మా చిన్నమ్మ కిందటి వారం కన్నుమూసింది. నేను కోర్టులో ఉండగా తమ్ముడు వచ్చి చెప్పాడు. దారంతా ఆమె మాటలే చెవుల్లో మోగాయి.

చిన్నమ్మ అత్తగారిది మనూర్ దగ్గర పల్లె. భర్త పోయిన ఏడాదే మరుదులు ఆమె చేను తమ పేర పట్టా చేయించుకున్నారు. ఆమె నారాయణఖేడ్‌లో మా ఇంటికి వచ్చేసి దావా వేసింది. పేషీలకు తిరిగి తిరిగి విసిగిపోయి ఒకరోజు అమ్మతో అంది: "నా చేను సంగతి నాకన్న మంచిగ ఎవలు చెప్తరక్కా? నేనే వకీలునైత."

మేం నవ్వాం. ఆమె నవ్వలేదు. పదో తరగతితో చదువాగిన మనిషి, అర్హత పరీక్ష రాసి, ఇంటర్ లేకుండానే దూరవిద్యలో బీఏ చేసింది. జొన్నరొట్టె తడుతూ పాఠం అప్పజెప్పేది. పుస్తకం పట్టుకుని నేను వినేదాన్ని. తప్పు పోతే, పెనం మీద రొట్టె మాడుతున్నా సరే, మళ్లీ మొదటినుంచి చెప్పేది. లా ప్రవేశపరీక్షలో ర్యాంకు కూడా తెచ్చుకుంది.

సీటు కోసం హైదరాబాద్ వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్లింది. కాగితాలు చూస్తున్న గుమాస్తా తలెత్తాడు.

"ఇంటర్ మెమో ఏదమ్మా?"

"ఇంటర్ సదవలే సారు. సీదా డిగ్రీ సదివిన."

"గట్లయితే లాకు పనికిరాదమ్మా. రూల్ గట్లుంది."

"ఇప్పుడు ఇంటర్ రాస్తే?"

"రాసినంక మల్ల డిగ్రీ సదవాలె."

చిన్నమ్మ కాగితాలు తీసుకుని కొంగుతో తుడిచింది. వాటి మీద తుడవడానికి ఏమీ లేదు.

తిరుగు బస్సు సంగారెడ్డి దాటింది. చిన్నమ్మ, అప్పుడే పదో తరగతి పాసైన నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఏ మెట్టూ ఇడువకు బిడ్డా. ఎనుకకొచ్చి ఎక్కుతనంటె ఎక్కనియ్యరు."

దావా కొట్టేశారు. ఆ చేను పక్కగా పోయే బస్సు ఎక్కడమే మానేసింది చిన్నమ్మ. తన చదువు ఊసు మళ్లీ ఎత్తలేదు. నన్ను మాత్రం ఇంటర్‌లో చేర్పించి, లా పూర్తయ్యేదాకా వెంటపడింది. నేను వకీలునయ్యానంటే ఆమె వల్లే. ఆమెకు మాత్రం అప్పటికి ఏ చేనూ మిగల్లేదు.

నేను మొదటిసారి వాదించిన రోజు కోర్టుకు వచ్చింది. అది ఎవరిదో గట్టు తగాదా. వెనక బెంచీలో కూర్చుంది. మాట్లాడటానికి నేను లేవగానే ఆమె కూడా లేచి నిలబడింది. బంట్రోతు కూర్చోమని సైగ చేశాడు. ఆమె అటు చూడలేదు. ముందు బెంచీ అంచు గట్టిగా పట్టుకుని, నా మాట పూర్తయ్యేదాకా అలాగే నిలబడి ఉంది.