డూమ్ అరలో నూట నలభై మూడు

స్టోర్ కీపరుకు లోకంలో ఎవరితోనూ పేచీ లేదు, ఒక్క తోడల్లుడితో తప్ప. ఆ తోడల్లుడికి మాత్రం ఈయనతో ఏ పేచీ లేదు. ఒళ్ళు మండించే విషయం అసలు అదే.

ఆయన పనిచేసేది బస్సు డిపోలో. నట్లు, బోల్టులు, బేరింగులు, బ్రేకు లైనింగులు, ఏది ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ప్రతి అరకూ ఒక అట్టముక్క కార్డు ఉంటుంది. అరలో ఉన్నదీ కార్డులో ఉన్నదీ ఒకటి కాకపోతే ఆయనకు ఆ పూట అన్నం సహించదు. ఒకసారి పది నంబరు బోల్టుల్లో పన్నెండు నంబరుది ఒకటి కలిసిపోయిందని పెళ్ళిరోజున కూడా ఆలస్యంగా ఇల్లు చేరాడు. ఆయన భార్య దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు.

డిపోవాళ్ళు పాతసామాను కింద తీసేసిన ఇనుప అరల బీరువా ఒకటి ఆయన ఇంటి వెనక రేకుల గదికి చేరింది. అందులో బోల్టులు లేవు. ముప్పై ఏళ్ళుగా పోగేసిన హెవీ మెటల్ డిస్కులున్నాయి, అరకొక కార్డుతో సహా. యాభై మూడేళ్ళ వయసులోనూ ఆయన జుట్టు భుజాల దాకా ఉండటానికి కారణం కూడా ఆ సంగీతమే. నెరిసింది, పలచబడింది, అయినా కత్తెర తగలనివ్వలేదు.

బయటివాళ్ళకు అదంతా ఒకటే రొద. లోపలివాళ్ళకు మాత్రం అందులో వంద వంశాలున్నాయి. కోపంగా దూసుకుపోతే థ్రాష్. పాతాళంలోంచి గొంతు చించుకుంటే డెత్. గుర్రమెక్కి కత్తి దూసినట్టు పాడితే పవర్. సన్నటి గిటారు చలిగాలిలా ఎడతెరిపి లేకుండా కోస్తే బ్లాక్. బరువుగా, మెల్లగా, మబ్బు పట్టినట్టు నడిస్తే డూమ్.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఆ రేకుల గదిలో సభ. సభ్యులు ముగ్గురే. ఒకరు స్టోర్ కీపరు. రెండోవాడు వీధి చివర సెలూన్ నడిపేవాడు, అందరూ పిలిచేది కత్తెర అని. అతనికి తలమీద ఒక్క వెంట్రుక లేదు. స్టోర్ కీపరు జుట్టు కత్తిరించే రోజు కోసం పదేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. మూడోవారు లెక్కల మాస్టారు. వారం పొడుగునా పిల్లల్ని అరవొద్దని కసిరి, ఆదివారం వచ్చి అరుపులు వింటారు.

పద్ధతి ఒకటే. డిస్కు మొత్తం నోరెత్తకుండా వినాలి. తర్వాత వాదించుకోవాలి.

"స్పీడ్ వేరు, థ్రాష్ వేరు," అనేవారు మాస్టారు. "స్పీడ్‌లో పాట ఉంటుంది. థ్రాష్‌లో కోపం ఉంటుంది."

"కోపంగా పాట పాడితే?" అనేవాడు కత్తెర.

"అప్పుడు గురువుగారే చెప్పాలి."

ఇద్దరూ ఆయన వైపు తిరిగేవాళ్ళు. వారంలో స్టోర్ కీపరుకు అన్నిటికన్నా తియ్యని నిమిషం అది. టీ కప్పు మెల్లగా కింద పెట్టి, ఎర్ర సిరా పెన్ను మూత తీసి, కార్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో తీర్పు రాసేవాడు. ఎర్ర సిరా పడ్డాక అప్పీలు లేదు. అలా తీర్పులు రాయగా రాయగా మూడు వందల చిల్లర డిస్కుల్లో నూట నలభై మూడు డూమ్ అరలోకి చేరాయి. ఆ ఒక్క అరా పొంగిపొర్లుతుంటే పక్కన ఇంకో రెండు అరలు కలపాల్సి వచ్చింది. అన్ని ఎందుకు చేరాయని ఎవరూ అడగలేదు.

ఆరు నెలల క్రితం మరదలి మొగుడికి ఈ ఊరు బదిలీ అయింది. పెద్దాసుపత్రిలో చెవులు పరీక్ష చేసే ఉద్యోగం. "ఏమండీ, మా మరిదిగారికి కూడా మీ గోలంటే ప్రాణమటండీ," అంటూ భార్య సంబరంగా అతన్ని రేకుల గదిలోకి తీసుకొచ్చింది. పొట్టి క్రాపు, ఇస్త్రీ చొక్కా. మెటల్ వినేవాడిలా లేడు, మెటల్ వినేవాళ్ళ మీద ఫిర్యాదు రాసే పక్కింటివాడిలా ఉన్నాడు.

స్టోర్ కీపరు ఉన్నవాటిలోకెల్లా పాత స్టూలు చూపించి కూర్చోమన్నాడు.

"ఇది కొంచెం కిర్రుమంటోంది అన్నగారూ," అన్నాడు తోడల్లుడు నవ్వుతూ.

"ఏం కిర్రూ లేదు, కూర్చో. ముప్పై ఏళ్ళ స్టూలది," అన్నాడు స్టోర్ కీపరు. వచ్చీరాగానే తన స్టూలుకు వంక పెట్టినవాణ్ణి ఏ తోడల్లుడు మాత్రం మెచ్చుకుంటాడు?

ఆ రోజు డిస్కు అయిపోయాక తోడల్లుడు నెమ్మదిగా అన్నాడు. "మూడో పాటలో డ్రమ్ముల పైన ఇత్తడి పళ్ళెం అంచున కర్ర కొసతో కొడుతున్నాడు, గమనించారా? వాన మొదలయ్యే ముందు రేకు మీద చినుకుల్లా."

కత్తెర పాట వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. "అరే, నిజమే గురూ! ఇన్నేళ్ళూ ఎలా వదిలేశాం?"

స్టోర్ కీపరు కూడా తల పంకించాడు. ఆయనకు చినుకులూ వినపడలేదు, రేకులూ వినపడలేదు. ఉన్నవీ లేనివీ కల్పించి వీళ్ళిద్దర్నీ బుట్టలో వేసుకుంటున్నాడని మాత్రం తేలిపోయింది.

అక్కణ్ణుంచి ప్రతి ఆదివారం కడుపులో కుంపటే. డిస్కు ఆగగానే కత్తెర ముఖం మొదట స్టూలు వైపు తిరిగేది, ఆ తర్వాత గురువు వైపు. తిరగడంలో తేడా రెండు క్షణాలే. ఆ రెండు క్షణాలు స్టోర్ కీపరుకు వారమంతా గుర్తుండేవి. ఇది చాలనట్టు భార్య టీ తెచ్చినప్పుడు అంచు విరగని కప్పు మరిదిగారికే వెళ్ళేది. "అతిథి కదండీ," అనేది. ఆరు నెలలు ప్రతి ఆదివారం వచ్చేవాడు అతిథి ఎలా అవుతాడో ఆయనకు అంతుపట్టేది కాదు. మరదలు ఫోను చేసి, "బావా, మా ఆయన మిమ్మల్ని ఒకటే పొగుడుతున్నాడు," అంటే పుండు మీద కారం చల్లినట్టు ఉండేది.

గొడవ బ్లాక్ టర్బైన్ అనే బ్యాండు దగ్గర ముదిరింది. డిస్కు అవగానే ఎవర్నీ నోరెత్తనివ్వకుండా స్టోర్ కీపరు పెన్ను మూత తీశాడు. "డూమ్."

"అన్నగారూ," అన్నాడు తోడల్లుడు, "పైన ఒక గిటారు మొదట్నుంచీ చివరిదాకా కోస్తూనే ఉంది కదా. బ్లాక్ అనాలేమో."

"బ్లాకే," అన్నారు మాస్టారు.

"నాకూ బ్లాకే అనిపిస్తోంది గురూ. ఏమీ అనుకోకు," అన్నాడు కత్తెర.

 మాస్టారు ఆయన మొహం చూసి జాలిపడి, "పోనీ ఈసారికి పెన్సిల్‌తో రాద్దాం," అన్నారు. ఆ జాలి మరీ గుచ్చుకుంది. ఆ బీరువాలో పెన్సిల్ కార్డు అదే మొదటిది.

"నువ్వు వినేవన్నీ నిజంగా ఉన్నాయో లేదో తేల్చేద్దాం," అన్నాడు స్టోర్ కీపరు. "నీ ఆసుపత్రిలో మెషీనుంది కదా. ఇద్దరం కూర్చుందాం. ఎవరి చెవులు మెరుగైతే ఈ పెన్ను వాళ్ళది."

తోడల్లుడి మొహంలో నవ్వు పోయింది. "అవన్నీ ఎందుకన్నగారూ. మీరు రాసేయండి, డూమ్ అనే రాయండి."

"భయమా?" అని ఎగతాళి చేశాడు స్టోర్ కీపరు.

"మీ ఇద్దరూ సాక్ష్యం," అని కత్తెరకూ మాస్టారుకూ చెప్పి, పెన్ను మూత పెట్టి జేబులో గుచ్చుకున్నాడు స్టోర్ కీపరు. తోడల్లుడు నేల చూపులు చూస్తుంటే ఆరు నెలల తర్వాత మొదటిసారి ఆయన కడుపు చల్లబడింది.

మర్నాడు డిపో భోజన విరామంలో ఆసుపత్రికి వెళ్ళాడు. గోడలకు మెత్తలు కొట్టిన చిన్న గది, మనిషి పట్టేంత. ఒక పక్క గాజు కిటికీ. అవతల మెషీను ముందు తోడల్లుడు. "శబ్దం ఎంత సన్నగా ఉన్నా సరే, వినపడగానే ఈ బటన్ నొక్కండి," అని చెప్పి తలుపు వేశాడు.

మొదట్లో బాగానే జరిగింది. బొయ్ఁ అని ఒకటి, దానికన్నా చిన్నగా ఇంకొకటి. స్టోర్ కీపరు టకటకా నొక్కాడు. ఏడెనిమిది నొక్కాక శబ్దాలు ఆగిపోయాయి.

ఆయన ఎదురుచూశాడు. గోడ మీద, నిప్పు అంటుకుంటే ఏం చేయాలో రాసిన కాగితం ఉంటే చదివాడు. రెండోసారి కూడా చదివాడు. వీడు మెషీను వదిలేసి టీకి గానీ పోయాడా అని కిటికీలోంచి చూస్తే మనిషి అక్కడే ఉన్నాడు. వేలు ఒక మీట మీద నొక్కుతోంది, ఇంకో చెయ్యి బిరడా లాంటిదాన్ని తిప్పుతోంది. మళ్ళీ నొక్కడం, మళ్ళీ తిప్పడం.

స్టోర్ కీపరు గాజు మీద తట్టాడు. "మెషీను ఆగినట్టుంది."

"లేదన్నగారూ. నడుస్తోంది."

నడుస్తున్న మెషీను తనకే వినపడటం లేదని అప్పుడు ఆయనకు అర్థమైంది. వెంటనే ఒక ఉపాయం తట్టింది. ఆ వేలు కదిలినప్పుడల్లా నొక్కితే సరి. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. తోడల్లుడు తలెత్తి చూశాడు.  పక్కనున్న అట్ట ఫైలు తీసి, తన చేతికీ కిటికీకీ మధ్యన మెల్లగా నిలబెట్టాడు.

బడిలో కాపీ కొడుతూ దొరికిన రోజు తర్వాత అంత సిగ్గు ఆయనకు మళ్ళీ అదే.

కాగితం మీద గీత కొంతదూరం తిన్నగా నడిచి, తర్వాత గోడ మీంచి జారిపడ్డట్టు కిందికి దిగింది. "బరువైన శబ్దాలు బాగానే అందుతున్నాయి," అన్నాడు తోడల్లుడు. "సన్నవే... చాన్నాళ్ళుగా తగ్గుతూ వచ్చి ఉంటాయి. హెడ్‌ఫోన్లు పెద్ద సౌండుతో వినేవాళ్ళకు మామూలే అన్నగారూ." ఒక జత చెవి మిషన్లు తీసి, ఆయన చెవులకు తగిలించి, పది రోజులు వాడి చూడమన్నాడు. తలుపు దాకా వచ్చి, గొంతు తగ్గించాడు. "ఆదివారం వాళ్ళడిగితే మెషీను రిపేరులో ఉందని నేనే చెప్తాను. మీరేం మాట్లాడకండి."

కసురుకోవడానికి కూడా వీల్లేకుండా చేశాడు. మంచితనంలో కూడా వీడే ముందుండాలా అనుకుంటూ స్టోర్ కీపరు మెట్లు దిగాడు.

దిగుతుంటే ఎవరో గలగలమంటూ వెంటపడుతున్నారు. ఆగితే ఆగుతున్నారు. నాలుగు మెట్లు దిగాక తెలిసింది, అది తన నడుముకు వేలాడే తాళాల గుత్తి అని. డిపో గేట్లో బస్సు బ్రేకు వేస్తే చెవులు చిల్లులు పడేలా కీచుమంది. ఆ బస్సుకు లైనింగులు మార్చాలని మెకానిక్ మూడు నెలలుగా మొత్తుకుంటున్నాడు. ఈయన స్వయంగా పక్కన నిలబడి విని, ఏ కీచూ లేదని రెండుసార్లు తిప్పి పంపాడు. ఆ మధ్యాహ్నం మెకానిక్ అడక్కుండానే ఆయనే కొత్త లైనింగులు కౌంటరు మీద పెట్టాడు. ఒంట్లో బాగుందా అని మెకానిక్ ఆయన్ని అడిగాడు.

సాయంత్రం ఇంట్లో చెప్పులు వాకిట్లోనే వదిలేసి లోపలికొస్తే, వెనక నుంచి భార్య గొంతు వినపడింది. "చెప్పులు పక్కన పెట్టమని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోవాలి గానీ ఈ మనిషి మారడు."

ఆయన వెనక్కి తిరిగాడు. "రోజూ ఇలాగే గొణుగుతావా?"

ఆమె చేతిలో గరిటె జారింది. "మీకు వినపడిందా?"

వారమంతా ఆయన ఒక నిర్ణయంతోనే ఉన్నాడు. మెషీను రిపేరు. అంతే. జుట్టు పొడుగు కాబట్టి చెవుల వెనక ఉన్నవి ఎవరికీ కనపడవు. పెన్ను జేబులోనే ఉంటుంది. అంతా సవ్యంగానే ఉంది, శనివారం ఆయన ఒంటరిగా డూమ్ అర తెరిచేదాకా.

మొదటి డిస్కు డూమ్ కాదు. రెండోది కూడా కాదు. ఆయన మబ్బు అనుకున్న చోటల్లా ఎండ కాస్తోంది. ఇరవై ఏళ్ళుగా విన్న పాటలో, ఎప్పుడూ లేని గిటారు ఒకటి ఎవరి అనుమతీ అడక్కుండా పాడుకుంటూ పోతోంది. ఆనందించాల్సిన చోట ఆయనకు ముందు వచ్చింది అసూయే. వీడు, ఆ ఇస్త్రీ చొక్కావాడు, పుట్టిన దగ్గర్నుంచీ ఇవన్నీ వింటున్నాడు. ఆ తర్వాత అంతకన్నా పెద్ద బాధ వచ్చి పడింది. తప్పు అరలో తప్పు సరుకు. ఒకటి కాదు, రెండు కాదు. పన్నెండు నంబరు బోల్టు ఒక్కటి కలిస్తేనే ఓర్చుకోలేని మనిషి, ఎర్ర సిరాతో తనే రాసిన కార్డుల ముందు అన్నం మానేసి కూర్చున్నాడు.

ఆదివారం రెండింటికి అందరూ వచ్చారు. కత్తెర కూర్చోకముందే అడిగాడు. "ఏమైంది గురూ, పెన్ను ఎవరిది?"

"మెషీను రిపేరు..." అని తోడల్లుడు మొదలుపెట్టాడు.

"మెషీను బానే ఉంది," అన్నాడు స్టోర్ కీపరు. జుట్టు రెండు చేతులతో వెనక్కి లాగి చెవులు చూపించాడు. "నేనే రిపేరు."

 కత్తెర బోడితల నిమురుకున్నాడు. "మీ టీవీ వార్తలు నా సెలూన్‌లో వినపడితే, జనసేవ చేస్తున్నావనుకున్నా గురూ."

మాస్టారు మర్యాదగా దగ్గారు. స్టోర్ కీపరు జేబులోంచి పెన్ను తీసి తోడల్లుడి ముందు చాపాడు. చాపుతూ లెక్క వేసుకున్నాడు. వీడు మర్యాదస్తుడు, అయ్యో వద్దన్నగారూ అంటాడు, రెండుసార్లు బతిమాలించుకుని తను మళ్ళీ జేబులో పెట్టుకోవచ్చు.

తోడల్లుడు పెన్ను తీసుకున్నాడు.

తీసుకోవడమే కాదు, మూత తీసి, బ్లాక్ టర్బైన్ కార్డు ముందుకు లాక్కుని, పెన్సిల్ మీద ఎర్ర సిరాతో బరబరా రాసేశాడు. 

మాస్టారు కార్డు అందుకుని కళ్ళజోడు సర్దుకున్నారు. దూరంగా పెట్టి చూశారు. దగ్గరగా పెట్టి చూశారు. "ఏమిటిది నాయనా?"

"బ్లాక్ అండీ."

కత్తెర తొంగిచూశాడు. "నాకు మందుల చీటీలా కనపడుతోంది."

"ఆసుపత్రి రాత కదండీ, అలవాటైపోయింది," అన్నాడు తోడల్లుడు. మొదటిసారి అతని మొహం ఎర్రబడింది.

స్టోర్ కీపరు ఆ కార్డు వైపు చూశాడు. మూడు పాముపిల్లలు ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టుంది రాత. ఆయన ఛాతీలో ఏదో హాయిగా సర్దుకుంది. ఆరు నెలల్లో అంత హాయి ఎరగడు. "ఇలాంటి కార్డు నా బీరువాలో ఉండటానికి వీల్లేదు. ఇటివ్వు," అని పెన్ను లాక్కుని, కొత్త అట్టముక్క తీసి, వీలైనంత నెమ్మదిగా, అందరూ చూస్తుండగా, ముత్యాల్లాంటి అక్షరాలతో 'బ్లాక్' అని రాశాడు. తర్వాత డూమ్ అర మొత్తం బయటికి లాగాడు. "నూట నలభై మూడు. అన్నీ మళ్ళీ వినాలి. వినేది అందరం. రాసేది నేనే."

మొదటి డిస్కు తీసుకోవడానికి తోడల్లుడు స్టూలు మీద ముందుకు వంగాడు. స్టూలు కిర్రుమంది. స్టోర్ కీపరు ఉలిక్కిపడ్డాడు.

"ఎప్పట్నుంచి ఇలా చస్తోంది ఇది?"

"మొదటి రోజు నుంచీ అన్నగారూ."

"మరి చెప్పొద్దూ?"

"చెప్పాను."

స్టోర్ కీపరు లేచి, పై అరలో కార్డు చూసి, నూనె డబ్బా వెతికి తెచ్చాడు.