అతిథికి ఏ పొయ్యి మీద వండాలి

పాల్పా కొండల మీదుగా విమానం పోతే దేవిసరా ఖడ్కా చేతిలో పని ఆపి తలెత్తి చూస్తుంది. కట్టెల మోపులు మోసే రోజుల్లో ఆమెకు పైకి చూసే తీరికే ఉండేది కాదు. గోబర్‌గ్యాస్ వచ్చాక మోపులు పోయాయి. పొద్దున్నే తొట్టిలో పేడ, నీళ్ళు కలపాలి, అంతే. పేడ ఉండ మిగిలితే గొట్టం మూసుకుపోతుంది. అందుకే ఆమె తొట్టికి బిగించిన తిప్పుడు పిడిని నమ్మదు, చేత్తోనే నలుపుతుంది.

గ్యాస్ పెట్టించినవాళ్ళు చెప్పిన మాటొకటి ఆమె మనసులో ఉండిపోయింది. జర్మనీలో సర్కారు అధికారులు విమానాల్లో తిరుగుతారట. ఆ పొగకు బదులుగా ఇక్కడ కట్టెల పొగ తగ్గించడానికి ఆ సర్కారే డబ్బిస్తుందట. ఎవరు వాళ్ళు? అంతగా తిరగాల్సిన పనేమిటి?

ఇప్పుడు గ్యాస్ గొయ్యి పైకప్పు బీటవారింది. మంట ప్రమిదలో దీపంలా ఉంటోంది. కట్టెల పొయ్యి మానేసిన ఇళ్ళకే ఉచితంగా బాగుచేస్తారు. అది చూడ్డానికే ఆ దేశపు అధికారి హైకే, దుబాసీ సువర్ణ తులాధర్‌తో కలిసి ఆ రోజు వస్తోంది.

దేవిసరా చేతులు కడుక్కుని పెరట్లోకి వచ్చేసరికి పొగ కనబడింది. అత్తగారు కట్టెల పొయ్యి రాజేసి కోడికూర ఎక్కించేసింది.

“అత్తా! ఇవాళే దొరికిందా నీకు ఈ పొయ్యి?”

“మరేం చెయ్యమంటావే? మరుగుదొడ్డి గొట్టం కూడా ఆ గొయ్యిలోకే కదా! మనమంటే తింటున్నాం. అంత దూరం నుంచొచ్చిన మనిషికి ఆ మంట మీద వండిపెట్టి పరువు తీసుకుంటామా?”

దేవిసరా పొయ్యిలో నీళ్ళు కుమ్మరించేలోపే అతిథులు పెరటి గుమ్మంలో నిలబడ్డారు. తులాధర్ కంగారుగా పొయ్యి వైపు చూశాడు.

“ఏంటి దీదీ, ఈ ఒక్కరోజూ ఆగలేకపోయారా?”

దేవిసరా ఏదీ దాచలేదు. అత్తగారన్నదంతా ఉన్నదున్నట్టు చెప్పించింది. హైకే పకపకా నవ్వి, వంటింట్లో గ్యాస్ పొయ్యి వైపు చెయ్యి చూపింది.

“దాని మీద వండిందే తింటుందట,” అన్నాడు తులాధర్. “కానీ కట్టెల పొయ్యి సంగతి రాయక తప్పదంటోంది.”

“రాయమను. కూర ఉడికేదాకా కూర్చుని ఈ మంట సంగతి కూడా రాయమను,” అంది దేవిసరా.

గిన్నె పొయ్యి మారింది. నీలం మంట దాని అడుగును తాకీ తాకకుండా ఆడుతోంది. అత్తగారు మాటిమాటికీ మూత తీసి, “కోడి ఇంకా కొక్కొరోకో అనేలా ఉంది,” అని గొణుగుతోంది.

దేవిసరా ఉండబట్టలేక అడిగేసింది. “ఈమెను తెచ్చిన విమానం పొగ సంగతో?”

హైకే కాస్త తడబడింది. “అదీ ఇలాంటి పొయ్యిలు ఆదా చేసిన పొగ లెక్కలోనే వేస్తారట,” అన్నాడు తులాధర్.

“మా పొయ్యి చూడ్డానికొచ్చిన పొగ మా పొయ్యే తీర్చాలా?” అంది అత్తగారు. “అయితే ముందు దీన్ని బాగుచేయించమను. ఈ మంటతో ఆ తల్లిని కొండెక్కించిన జీపు పొగ కూడా తీరదు.”

ఈసారి హైకే నవ్వలేదు. వంగి మంట పక్కన అరచెయ్యి పెట్టి చాలాసేపు చూసింది. కూర ఉడికేసరికి పొద్దు వాలింది. ఆమె ఎముకలతో సహా చీకి తింది.

దేవిసరా ఇంటిని ఆ ఏడాది పొగ ఆదా లెక్కలోంచి తీసేశారు. మేస్త్రీ మాత్రం వచ్చాడు. మంట చాలని ఇంటిని కట్టెలు మానమనడం కుదరదని ఆ అధికారి రాసిందట. అతను బీట పూడ్చిపోయాక మంట గిన్నె చుట్టూ ఎగిసింది.

మర్నాడు దేవిసరా పేడ కలుపుతుంటే పైన మోత వినిపించింది.

“అదిగో, నీ చుట్టం పోతోంది,” అంది అత్తగారు.

దేవిసరా తలెత్తి చూసింది. చేతులు మాత్రం ఆగలేదు, తొట్టిలో ఉండల కోసం తడుముతూనే ఉన్నాయి.