అద్దాల బీరువా మీద మొగుడి మొహం

బార్నబే పెళ్ళాన్ని ఎడమచేత్తోనే కొట్టేవాడు. కుడిచేతికి చూపుడువేలు, నడిమివేలు లేవు. అవి పారిస్‌లో కొయ్యసామాను చేసే మా సెంటాంత్వాన్ పేటలోని ఒక సారాకొట్టు బల్ల మీద పోయాయి. కొయ్య గులాబీ ఎవరు బాగా చెక్కుతారన్న దగ్గర మాటా మాటా పెరిగి, క్లోవిస్ అనే మరో చెక్కుడువాడు బల్ల మీద ఆనించి ఉన్న ఆ చేతి మీదికి బాడిస దించాడు. కొట్టు యజమాని ఆ రెండు వేళ్ళనూ నేల మీది రంపపుపొట్టుతో కలిపి ఊడ్చి పారేశాడు. పోలీసులు వచ్చి అడిగితే, వేళ్ళు పోగొట్టుకున్న బార్నబేతో సహా ఒక్కడూ నోరు విప్పలేదు. పేటలో జరిగింది పోలీసుకు చెప్పడం మావాళ్ళకు అలవాటు లేదు.

ఉలి పట్టలేని చెక్కుడువాడికి కార్ఖానాలో చోటుండదు. అయినా బార్నబే చోటు పోలేదు. ఎడమచేత్తో నేర్చుకుంటున్నానని, పక్కన ఎవడైనా ఉంటే చెయ్యి ఆడదని, ఇంట్లోనే చెక్కి తెస్తానని మేస్త్రీ పొలికార్ప్‌ని ఒప్పించాడు. ఆరో అంతస్తులో వాళ్ళ గదిలో గడియ వేసుకుని చెక్కేది మాత్రం అతని పెళ్ళాం లియోని.

ఆమె చెక్కుడువాడి కూతురు. ఎనిమిదో ఏటే తండ్రి ఆమె చేతికి ఉలి ఇచ్చాడు. కానీ మా పేట కట్టుబాటు ప్రకారం ఆడది పాలిష్ పెట్టవచ్చు, కుర్చీలకు పేము అల్లవచ్చు, ఉలి పట్టి పనిబల్ల ముందు కూర్చోకూడదు. అంతకు రెండేళ్ళ ముందు ఒక వితంతువు చాటుగా చెక్కుతోందని తెలిసి ఎనిమిదిమంది చెక్కుడువాళ్ళు వెళ్ళారు. ఆమె పనిబల్లను ముక్కలు చేశారు. ఆమెను జుట్టు పట్టుకుని వీధి గేటు దాకా ఈడ్చారు. ఆ ఎనిమిదిమందిలో బార్నబే ఒకడు. కార్ఖానాలో పాలిష్ పెట్టే లియోని నల్ల పాలిష్ అంటిన చేతులతో నిలబడి అదంతా చూసింది. తన సంగతి బయటపడిన రోజు తనకూ అదే గతి అని ఆమెకు బాగా తెలుసు.

ఆ రోజుల్లో పారిస్‌కు జపాన్ పిచ్చి పట్టింది. గోడకో విసనకర్ర, మూలకో పింగాణీ కూజా. డబ్బున్న ప్రతివాడికీ ఆ బొమ్మలూ గిన్నెలూ పెట్టుకోవడానికి జపాన్ తరహా అద్దాల బీరువా కావాలి. జపాన్ ఏ దిక్కున ఉందో మా కార్ఖానాలో ఎవరికీ తెలియదు. పొలికార్ప్‌కు ఉన్న ఆధారమల్లా ఒక గిన్నెకు చుట్టి వచ్చిన బొమ్మకాగితం. అందులో బీరువా అరలు ఒకటి ఎత్తుగా, పక్కది పల్లంగా, మెట్లుమెట్లుగా ఉన్నాయి. ముసలి వడ్రంగి బాస్తీద్‌కు అది మింగుడుపడలేదు. ఎవడో తాగి గీశాడని గొణుక్కుని అరలన్నీ సమంగా బిగించాడు. పొలికార్ప్ వాటిని కాలితో తన్ని ఊడగొట్టాడు.

"వంకరగా ఉండాలయ్యా బాబూ! వంకరకే వాళ్ళు డబ్బులిచ్చేది!"

"నలభై ఏళ్ళు తిన్నగా బిగించి బిగించి ఇప్పుడు వంకర నేర్చుకోమంటే ఎలా మేస్త్రీ? ఒక సీసా తెప్పించు, తాగి బిగిస్తా."

కాగితం మీద ఒక డ్రాగన్ కూడా ఉంది. బీరువా రెండు భుజాల మీదా ఒక్కొక్కటి కావాలన్నాడు పొలికార్ప్. చిక్కేమిటంటే, మూట విప్పినప్పుడు దారం కోసిన కత్తి డ్రాగన్ తలను కూడా కోసేసింది. ఒళ్ళుంది, తోక ఉంది, మొహం ఉండాల్సిన చోట చిల్లు ఉంది.

ఒంటిని లియోని కాగితం చూసి చెక్కింది. కాళ్ళ కోసం రెండు కోడికాళ్ళు కొని ఎదురుగా పెట్టుకుని చెక్కి, తర్వాత వాటితోనే సూప్ కాచింది. మొహం దగ్గర ఆగిపోయింది. నాలుగోరోజు మధ్యాహ్నం బార్నబే తలుపు తన్నుకుంటూ వచ్చాడు.

"ఇంకా అవలేదా? నాలుగు రోజులు! కిందవాళ్ళకి ఏం చెప్పను, నిద్రపోతున్నాననా?"

"మొహం ఎలా ఉంటుందో తెలీదయ్యా."

"తెలీదా? తెలీదంటే ఊరుకుంటారనుకున్నావా?"

మొదటి దెబ్బకు ఆమె చెవి గింగురుమంది. రెండో దెబ్బకు పెదవి చిట్లింది. జుట్టు దొరకబుచ్చుకుని తలను పనిబల్లకేసి కొట్టాడు. అలాంటప్పుడు లియోని ఎప్పుడూ కళ్ళు మూసుకునేది. ఆ రోజు మూసుకోలేదు. అతని మొహం ఆమె మొహానికి జానెడు దూరంలో ఉంది. ముక్కుపుటాలు ఎలా వెడల్పవుతున్నాయో, నుదుటి నరం ఎటు పాకుతోందో, పై పెదవి ఎడమవైపు లేచి సగం విరిగిన పన్ను ఎలా బయటపడుతోందో చూసింది.

"ఏం చూస్తున్నావే అలా?"

"ఏం లేదు."

ఇంకో రెండు తగిలించి అతను సారాకొట్టుకు పోయాడు. లియోని నోట్లో రక్తం ఉమ్మేసి, తడిగుడ్డ పెదవికి అద్దుకుని, మర్చిపోకముందే ఉలి తీసుకుంది. చీకటి పడేలోపు మొహం వచ్చేసింది. విరిగిన పన్నుతో సహా. ఆమె ఒళ్ళంతా నొప్పులు, అయినా పట్టరాని సంతోషం వేసింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో అంత సంతోషం ఆమె ఎరగదు.

డ్రాగన్లు కార్ఖానాకు వచ్చిన రోజు బాస్తీద్ ఒకసారి వాటికేసి, ఒకసారి బార్నబేకేసి చూసి, నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి పక్క కార్ఖానాలవాళ్ళు కూడా వచ్చి చూసిపోయారు. బార్నబే మాత్రం ఛాతీ విరుచుకుని తిరిగాడు.

"ఎడమచెయ్యిరా ఇది, ఎడమచెయ్యి! ఆ కోపం చూశారా? నాకు తప్ప ఎవడికొస్తుంది అలా?"

"నిజమేరా, నీకే వస్తుంది" అన్నారు అందరూ.

కోపంలో ఉన్న తన మొహాన్ని ఎవడూ అద్దంలో చూసుకోడు. బార్నబే అద్దం చూసేది వారానికోసారి మంగలి దగ్గర, అదీ సబ్బు నురగ పూసుకుని. పొలికార్ప్ మాత్రం భయపడి పాలిష్ గదిలో లియోనిని పక్కకు పిలిచాడు. చెక్కింది ఎవరో అతను ఎప్పుడో కనిపెట్టాడు, డ్రాగన్లు కావాలి కాబట్టి తెలియనట్టు ఉన్నాడు.

"అమ్మాయ్, ఆ పన్ను ఒక్కటీ తీసెయ్యకూడదూ? వాడికి తెలిస్తే నిన్ను చంపేస్తాడు."

"పన్ను తీస్తే మొహం చచ్చిపోతుంది మేస్త్రీ."

అలా ఏడాదిన్నరలో పదమూడు జతలు చెక్కింది. ప్రతి జతకూ ముందు తన్నులు తిన్నది. ప్రతిసారీ కళ్ళు తెరిచే ఉంచింది.

పద్నాలుగో జత ఉన్న బీరువా అన్నిటికంటే పెద్దది. లోపల వెనకవైపు నిలువెత్తు అద్దం బిగించారు. అడిగినవాడు చివరిక్షణంలో వద్దన్నాడు. అలా మిగిలిన సరుకును శనివారం మధ్యాహ్నం తోపుడుబళ్ళ మీద పెద్దవీధికి ఈడ్చుకెళ్ళి, వచ్చేపోయేవాళ్ళకు అమ్ముకోవడం మా పేట రివాజు. బార్నబే, బాస్తీద్ బండి తోశారు. దారిలో గీతలు పడితే పూయడానికి పాలిష్ డబ్బా పట్టుకుని లియోని వెనకే నడిచింది. ఆమె పైగుడ్డ జేబులో ఎప్పటిలాగే ఒక సన్న ఉలి ఉంది.

పెద్దవీధిలో వాళ్ళ పక్కనే క్లోవిస్ బండి పడింది. బార్నబేను చూడగానే అతని నోరు ఊరుకోలేదు.

"ఏరా మూడువేళ్ళోడా, మీ ఇంట్లో కవలలు పుట్టారట! చూడు, ఇద్దరికీ అచ్చం తండ్రి పోలికే!"

"ఏం కూశావురా?"

"నేననడం ఎందుకు, అద్దంలో చూసుకో!"

బార్నబే నిప్పులు కక్కుతూ బీరువా వైపు తిరిగాడు. తలుపులు తెరిచే ఉన్నాయి. ఎడమ భుజం మీద ఒక డ్రాగన్, కుడి భుజం మీద ఒక డ్రాగన్, నడుమ అద్దంలో తను. ఎగిరిన ముక్కుపుటాలు, ఉబ్బిన నరం, లేచిన పెదవి, విరిగిన పన్ను. మూడూ ఒకటే మొహం. వీధి వీధంతా పగలబడి నవ్వింది. అతనికి కోపం పెరిగేకొద్దీ పోలిక ఇంకా కుదిరింది.

"నువ్వే చెక్కావుగా?" అన్నాడు క్లోవిస్. "నీ మొహం మీద నీకంత ముచ్చటేమిట్రా?"

తనే చెక్కానంటే తనంత వెర్రివాడు లేడు. కాదంటే ఏడాదిన్నరగా తను దొంగ. బార్నబే లియోని మీదికి వేలు చాపాడు.

"ఇదిరా చెక్కింది! ఇది! నా పెళ్ళాం!"

నవ్వులు ఆగిపోయాయి. ఆ మాట చెక్కుడువాళ్ళంతా విన్నారు. ఇక తనను జుట్టు పట్టి ఈడ్చడమే తరువాయి అనుకుంది లియోని. బార్నబే బండిలోంచి కొయ్యసుత్తి లాగి ఆమె భుజం మీద కొట్టాడు. ఎముక చప్పుడు బాస్తీద్‌కు వినిపించింది. పాలిష్ డబ్బా దొర్లిపోయింది, ఆమె రాళ్ళ మీద పడిపోయింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పడ్డదాన్ని రెండుసార్లు తన్ని అతను బీరువా మీదికి పోయాడు. ఒక్క దెబ్బకు కుడివైపు డ్రాగన్ తల ఎగిరిపోయింది. సుత్తి కూడా పిడి ఊడి పోయింది. అప్పుడతను రెండో డ్రాగన్ తలను ఎడమచేత్తో పట్టుకుని విరిచెయ్యబోయాడు.

తన ఒంటి మీద ఎన్ని దెబ్బలు పడ్డా లేవని మనిషి అప్పుడు లేచింది. ఉలి మొన అతని ఎడమచేతి మీద ఆనించి, దెబ్బ తగలని చేతి అరచేత్తో దాని పిడి మీద ఒక్క చరుపు చరిచింది. ఉలి అతని చెయ్యి దాటి డ్రాగన్ మెడలోకి దిగింది. బార్నబే బీరువాకు అతుక్కుపోయి అరిచాడు. అతని చెంప కొయ్య చెంపను ఆనుకుని ఉంది.

పోలీసు వచ్చేలోగా బాస్తీద్ ఉలి పీకి తన జేబులో వేసుకున్నాడు.

"ఏం జరిగింది?" అన్నాడు పోలీసు.

"అద్దం గుచ్చుకుంది సార్" అన్నాడు క్లోవిస్.

అద్దానికి గీత కూడా పడలేదు. అయినా చుట్టూ ఉన్న నలభైమందీ అద్దమేనన్నారు. ఆ సాయంత్రమే ఒక షావుకారు బీరువా కొన్నాడు. కుడివైపు డ్రాగన్‌కు తల లేదేమని అడిగితే, రెండువైపులా ఒకేలా ఉండటం జపాన్‌వాళ్ళకు గిట్టదని చెప్పాడు కబురు విని వచ్చిన పొలికార్ప్. షావుకారు గౌరవంగా తలూపాడు. రక్తం మరకలను నల్ల పాలిష్ కప్పేసింది.

బార్నబే ఎడమచెయ్యి కుళ్ళి, మానింది కానీ వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. లియోని భుజం వంకరగా అతుక్కుంది. ఆమెకు పొలికార్ప్ కార్ఖానాలో ఒక మూల పనిబల్ల వేశాడు. చెక్కుడువాళ్ళు గొణిగారు. ఆ బల్ల విరగ్గొట్టడానికి మాత్రం ఎవడూ రాలేదు.

అయితే ఆమె డ్రాగన్లు చెడిపోయాయి. ఇంట్లో ఉన్న బార్నబే ఇప్పుడు రొట్టె కావాలని అడిగేవాడు, కిటికీ మూయమని అడిగేవాడు. ఆ మొహంలో చెక్కడానికి ఏమీ లేదు.

"ఇది డ్రాగన్ కాదమ్మా, జలుబు చేసిన మేక" అన్నాడు పొలికార్ప్. "ఇలాగైతే ఆ బల్ల నీకు ఉంచలేను."

మర్నాడు లియోని ఒక అద్దం ముక్క తెచ్చి పనిబల్ల మీద నిలబెట్టింది. ఆ శనివారం ఉలి బార్నబే చేతి మీద ఆనించి, ఇంకా కొట్టకముందు తనకెలా ఉందో గుర్తు తెచ్చుకుంది. గుర్తు తెచ్చుకోవడానికి ఏమాత్రం కష్టపడనక్కర్లేకపోయింది. అద్దంలోకి చూసింది, ఉలి తీసుకుంది.

ఆ మొహాన్ని చూసి పొలికార్ప్ ఎవరిదని అడగలేదు. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేటప్పుడు, ఉప్పుకాగితంతో రుద్దడం మిగిలి ఉందని ఆమె దాన్ని పైన తమ గదికి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది. బార్నబే దాన్ని చూశాడు. కుర్చీతో సహా గోడ దాకా వెనక్కి జరిగాడు.

అది ఆమెకు నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే భయం వేసింది. ఉల్లిపాయల సూప్‌లో రొట్టె నానబెట్టి, చెంచా అతని నోటి దగ్గర పెట్టింది.

"తెరువు."

అతను డ్రాగన్ మీంచి చూపు తిప్పకుండా నోరు తెరిచాడు.