కిరాయి ఇంట్లో కన్నుమూసే హక్కు

మా అత్తమ్మను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు, అంబులెన్సు తలుపు తెరవకముందే ఓనరు గేటు దగ్గరికి వచ్చి నన్ను అడిగిన మొదటి మాట: "డాక్టర్లు ఎన్ని రోజులన్నరమ్మా?"

ఎట్లా ఉందని కాదు, ఏమన్నా తింటోందా అని కాదు. ఎన్ని రోజులు! నాకు ఒళ్లు మండిపోయింది. "అది మీదున్న దేవుడు చెప్పాలె అంకుల్," అని స్ట్రెచర్ పట్టుకున్న వాళ్లను పైకి పదమన్నాను.

చిక్కడపల్లి లోపలి సందులో, మొదటి అంతస్తులో, రెండు గదుల పోర్షను మాది. పెళ్లయి నేను వచ్చింది ఆ ఇంటికే. కింద ఓనరు, మధ్యలో మేము, పైన గదికి నలుగురు చొప్పున గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు. మా ఆయన అశోక్‌నగర్‌లో అలాంటి పిల్లలకే పుస్తకాలమ్మే షాపులో పని చేస్తాడు. నేను నారాయణగూడలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో. కిరాయి ఏనాడూ ఆలస్యం చేసి ఎరగం. ఓనరమ్మ మామిడికాయ తొక్కు పెడితే మాకో గిన్నె వచ్చేది, నేను గారెలు వండితే వాళ్లకో గిన్నె పోయేది. అట్లాంటి ఇల్లు అది.

మా అత్తమ్మకూ నాకూ పడేది కాదు. ఇది ముందే చెప్పేయాలి, లేకపోతే నేనేదో ఆదర్శ కోడలినని అనుకుంటారు. చారులో ఉప్పు తక్కువైందనో పులుపు ఎక్కువైందనో అనకుండా ఆమె ఒక్క పూట తిన్న గుర్తు లేదు. నేనూ తక్కువదాన్నేం కాదు, మాటకు మాట అప్పజెప్పేదాన్ని. అలాంటిది ఆసుపత్రిలో, పక్కనే నిలబడ్డ కొడుకును వదిలేసి, నా చెయ్యి పట్టుకుంది. "ఈ పైపులల్ల నన్ను సావనియ్యకు బిడ్డా. మనింటికి తీస్కపో. నా మంచంల పోత," అంది. తీసుకుపోతానన్నాను. ఆమె నన్ను బిడ్డా అని పిలవడం అదే మొదటిసారి, కాదనడం నా వల్ల కాలేదు.

మరునాడు పొద్దున్నే ఓనరు పంచాంగం చంకలో పెట్టుకుని పైకి వచ్చాడు.

"పరేషాన్ చేస్తున్ననని అనుకోకమ్మా, జర విను. నాలుగు దినాలైతే ధనిష్ఠ పడ్తది. ఆ పంచకంల ఇంట్ల ఎవరన్న పోయిన్రంటే ఆర్నెల్లు ఇల్లు ఇడిచిపెట్టాలె. మేమేడికి పోవాలె చెప్పు? పైన పిల్లలేడికి పోవాలె?"

పంచకమంటే ధనిష్ఠ మొదలుకొని ఐదు నక్షత్రాలు. ఆ రోజుల్లో చావు జరిగిన ఇంటికి తాళం వేసి కొన్నాళ్లు వదిలేస్తారు మా వైపు. నాకు తెలియనిది కాదు. మా పుట్టింటి వీధిలోనే ఒక ఇల్లు అలా మూసేస్తే దాని అరుగు మీద కూడా మమ్మల్ని ఆడుకోనిచ్చేవాళ్లు కాదు.

"అయితే ఏం చెయ్యమంటరు?"

"కవాడిగూడల మీ చుట్టాలున్నరు గద. మీ పిల్లలను పంపినట్టే అమ్మను గూడ గాడ పెట్టుండ్రి."

"సామాను తీరుగ గాడ పెట్టుమంటరేంది అంకుల్! వాళ్లది గూడ కిరాయి ఇల్లే. వాళ్ల ఓనరు దగ్గర పంచాంగం ఉండదా?"

ఆయన మొహం ముడుచుకుని దిగిపోయాడు. ఆ సాయంత్రం నుంచి మా నల్లాలో నీళ్లు బంద్. మోటరు ఖరాబైందట. పై అంతస్తులో బకెట్లు నిండుతున్న చప్పుడు మాకు వినిపిస్తూనే ఉంది. తెల్లారేసరికి కరెంటు కూడా పోయింది, మా ఒక్క పోర్షనుకే. అత్తమ్మ వీపు పుండ్లు పడకుండా గాలి పరుపు ముందే తెచ్చి వేసి ఉంచాం. అది కరెంటు ఉంటేనే పని చేస్తుంది. గాలి పోయి చప్పబడిన ప్లాస్టిక్ మీద ఆమె చెమటలో తడిసి ముద్దయింది. పక్కకు తిప్పబోతే వీపు తోలు బట్టకు అంటుకుని వచ్చింది. ఆమె అరవలేదు, అరిచే ఓపిక లేదు. నేను వంటింట్లోకి పోయి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. మా ఆయన నీళ్ల క్యాన్లు భుజాన వేసుకుని మోస్తున్నాడు తప్ప ఓనరును ఒక్క మాట అనలేదు. ఆయన తీరే అంత. ఎవరి ముందూ గొంతు లేవదు.

కాలేజీలో నా పక్క సీటావిడ ఒక వకీలు దగ్గరికి పంపింది. నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన, జిరాక్సు షాపు మీది గది. పెద్దాయన. నా మాటంతా మధ్యలో ఆపకుండా విన్నాడు.

"మా అగ్రిమెంటు పదకొండు నెలలదే సార్. ఎప్పుడో అయిపోయింది," అన్నాను భయంగా.

"అయిపోతే ఏమాయె? కిరాయి తీసుకుంటనే ఉన్నడు గద. మీరు కిరాయిదార్లే. కోర్టు ఆర్డరు లేకుంట మిమ్మల్ని ఎల్లగొట్టే హక్కు ఆయనకు లేదు. నీళ్లు, కరెంటు బంద్ చేసుడైతే అసలే నడ్వది. చేసిండంటే కంప్లయింటు ఇయ్యొచ్చు, కోర్టుకు పోయి ఆపొచ్చు. ఇంట్ల పానం మీదికొచ్చిన మనిషి ఉన్నదని ఖాళీ చెయ్యమనే చట్టం ఈ దేశంల లేదు."

"అంటే మా అత్తమ్మ ఇంట్లనే పోవచ్చా సార్?"

ఎంత పిచ్చి ప్రశ్న! అడిగాక సిగ్గేసింది. ఆయన మాత్రం నవ్వలేదు. "పోవచ్చమ్మా. అది మీ ఇల్లు," అన్నాడు. నేను లేచి నిలబడ్డాక మళ్లీ పిలిచాడు. "ఒక్క మాట యాది పెట్టుకో. ఆ పోర్షను ఇడిచి అందరు ఒక్కపారి బయటికి రాకుండ్రి. లోపల ఉన్నంత సేపు కోర్టు చుట్టు తిరిగే పని ఆయనది. బయట పడ్డరంటే ఆ తిరుగుడంత మీకు పడ్తది."

ఫ్లైఓవర్ కింద నడుస్తుంటే నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. నేరుగా ఓనరు గుమ్మంలోకి పోయి, ఓనరమ్మ కూడా వినేలా, వకీలు చెప్పిందంతా గడగడా అప్పజెప్పాను. పోలీసు కంప్లయింటన్న మాట రాగానే ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అరగంటలో పరుపు మోటరు గుర్రుమంది, నల్లా తిప్పితే నీళ్లు దూకాయి. అత్తమ్మకు ఒళ్లు తుడిచి తలకు నీళ్లు పోశాను. "గింత ఉడుకుడుకు పోస్తవేందే, కోడిని పీకుతున్నవా?" అని తిట్టింది. ఆ తిట్టు నాకెంత హాయిగా ఉందని! గెలిచాననుకున్నాను. సచ్చినోళ్ల నక్షత్రాలు ఏం వచ్చినా రానీ, ఈమె మంచంలోనే పోతుందనుకున్నాను.

ధనిష్ఠ వచ్చిన రోజు మధ్యాహ్నం ఆమె ఊపిరి మారింది. గొంతులో గరగర. కబురు చేస్తే మా వదిన, అంటే మా ఆయన అక్క, మహబూబ్‌నగర్ నుంచి బస్సు దిగి ఏడ్చుకుంటూ వచ్చింది. వస్తూనే తల్లి మొహం చూసి, "ఇంక మంచంల పెట్టిన్రేందిరా? మంచంల పానం పోతే అమ్మకు గతి ఉంటదా? కిందికి దించుండ్రి," అంది.

సరే, కటిక నేల మీద చాప వేద్దామన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఊళ్లో అయితే ఇంట్లోంచి వాకిట్లోకి తెస్తారు, ఆకాశం కింద పడుకోబెడతారు. ఇక్కడ వాకిలంటే కింద బండ్లు పెట్టుకునే చోటే. "మంచం అత్తమ్మే అడిగింది వదినా, నాకు చెప్పింది," అన్నాను. "పోయేటోళ్లకేం ఎరుక పిల్లా? మనం గద చూసుకోవాలె!" అంది. అప్పటికే ఓనరు పిలిపించిన పంతులు మెట్ల కింద ఉన్నాడు. ఓనరమ్మ నిజంగానే ఏడుస్తూ కొత్త చాప పరిచింది, తులసి నీళ్లు తెచ్చింది. మా ఆయన దుప్పటికి ఒక కొస పట్టుకున్నాడు, వదిన రెండో కొస పట్టుకుంది. ముసలామె తల మెట్లకు ఎక్కడ తగులుతుందోనని నేను దిండు పట్టుకుని వెనకాలే పరుగెత్తాను. వకీలు సారు చెప్పిన మాట నాకు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

చాప మీద పడుకోబెట్టాం. బైకులను పక్కకు జరిపాం. వదిన నోట్లో తులసి నీళ్లు పోసింది. అందరం చుట్టూ కూర్చుని ఆమె ఛాతీ వంకే చూస్తున్నాం. కాసేపటికి గరగర ఆగింది. వదిన ఏడుపు అందుకుంది. అప్పుడు మా అత్తమ్మ కళ్లు తెరిచింది.

తల అటూ ఇటూ తిప్పింది. బైకు టైర్లు, కరెంటు మీటర్లు, చెప్పుల స్టాండు. నా మొహం దగ్గర ఆగింది.

"ఏమే, జర చాయ్ పెట్టు," అంది.

ఏడ్వాలో నవ్వాలో తెలియక పైకి పరుగెత్తాను. మా పోర్షను ఇనుప జాలీ గేటుకు తాళం ఉంది. మాది కాదు. కొత్త తాళం, దాని మీది కంపెనీ స్టిక్కరు కూడా తీయలేదు.

కిందికి వచ్చి ఓనరు మీద పడ్డాను. ఏం తిట్టానో నాకే తెలియదు. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నేను ఎల్లగొట్టిన్నా? మీ అంతల మీరే తెచ్చుకున్నరు. మీరు పోయి ఏం కావాల్నో తెచ్చుకోండి, చెయ్యి ఇస్త. అమ్మనైతే పంచకం ఒడ్సినదాక పైకి ఎక్కనియ్య," అన్నాడు. చెయ్యి అంటే తాళంచెవి. వకీలుకు ఫోన్ చేశాను. "చెప్పిన గదమ్మా," అన్నాడు. కోర్టు ఆర్డరు లేకుండా బయటికి నెట్టినా, తాళం వేసినా, ఆర్నెల్ల లోపల దావా వేసి ఇల్లు మళ్లీ తీసుకోవచ్చట. ఆర్నెల్లు! చాయ్ చల్లారేంత సేపైనా ఉంటుందో ఉండదో తెలియని మనిషిని చాప మీద పెట్టుకుని నేను ఆర్నెల్ల లెక్క వింటున్నాను. ముందు పోలీసులను పిలవమన్నాడు. పిలిచాను.

ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. చాప మీది మనిషిని చూసి వాళ్లలో పెద్దాయన టోపీ తీశాడు. "తాళం తియ్యవయ్యా, ఏంది గిది?" అని గట్టిగా అనేసరికి ఓనరు కిమ్మనకుండా పోయి తీశాడు. గేటు బార్లా తెరుచుకుంది. నేను దేవుడా అనుకున్నాను. వకీలు చెప్పింది నిజమే, చట్టం ఉంది, అది మా దిక్కే ఉంది. పోలీసులు పోయారు.

"పట్టుండ్రి, పైకి తీస్కపోదాం," అని దుప్పటి కొస పట్టుకున్నాను.

ఎవరూ కదల్లేదు.

"దించిన మనిషిని మళ్ల ఇంట్లకు ఎక్కియ్యరు పిల్లా," అంది వదిన. "గట్ల చేస్తే ఇంకో పానాన్ని గుంజుకపోతదంటరు. నీకు పిల్లల్లేరా?" మా ఆయన వైపు చూశాను. ఆయన నేల వంక చూస్తున్నాడు. పంతులు గొంతు సవరించుకున్నాడు. పై అంతస్తు పిల్లలు రెయిలింగు పట్టుకుని వంగి చూస్తున్నారు, ఓనరు తలెత్తగానే లోపలికి పోయారు.

"వకీలు చెప్పిండు, పోలీసులు చెప్పిన్రు, తాళం తీసిన్రు! ఇంకెవ్వలు చెప్పాలె మీకు?" అని అరిచాను.

అత్తమ్మ నా కొంగు గుంజింది. "ఇంటికి పోదమా?"

"పోతున్నం అత్తమ్మా."

ఒక్కదాన్నే ఎత్తుకున్నాను. ఏముంది ఆమెలో, ఎముకలు తప్ప. అయినా మనిషి బరువు మనిషి బరువే. ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ల కింద. వదిన నా భుజం పట్టుకుని లాగింది, విదిలించుకున్నాను. మెట్లు మలుపు తిరిగే చోటికి వచ్చేసరికి ఆమె నా చేతుల్లోంచి జారబోయింది. పడేస్తానేమోనని అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను, ఆమెను ఒళ్లో పెట్టుకుని. పైన మా గేటు తెరిచే ఉంది, లోపల పరుపు మోటరు చప్పుడు వినిపిస్తోంది.

"వచ్చినమా?" అంది కళ్లు మూసుకునే.

"వచ్చినం అత్తమ్మా. మంచంలనే ఉన్నవు."

చెయ్యితో తడిమింది. నా మోకాలు తగిలింది. మంచం పట్టీ అనుకుందో ఏమో, దాన్నే పట్టుకుంది. ఆ పట్టు ఎప్పుడు వదులైందో నాకు తెలియలేదు. ఏమండీ, ఏమండీ అని అరిచాను.

కింద నుంచి ఓనరు గొంతు వినిపించింది. "పంతులుగారు, మెట్ల మీద పోతే ఇంట్ల పోయినట్టేనా?"

పంతులు ఏం చెప్పాడో వినిపించలేదు. అప్పుడు మా ఆయన మెట్లెక్కి వచ్చాడు. ఏడుస్తున్నాడు. వంగి వాళ్లమ్మ కాళ్లు రెండూ పట్టుకుని లేపాడు. నేను తల పట్టుకుని లేచాను. ఇప్పటికైనా పైకి తీసుకుపోతున్నాడనుకున్నాను, ఒక మెట్టు పైకి వేశాను కూడా. ఆయన కిందికి లాగాడు.