మూల ముక్కకి ఆకుపచ్చ రంగు

మొన్న మా అపార్ట్‌మెంటు వాళ్ళు లిఫ్టు పక్కన ఒక నోటీసు అంటించారు. కార్లు నిలిపే చోట బంతాట ఆడరాదనీ, సైకిళ్ళు తొక్కరాదనీ, రెండు ఉయ్యాలలున్న ఆ కాస్త జాగాలోకి పన్నెండేళ్ళు దాటిన పిల్లలు రారాదనీ అందులో రాశారు. మా మనవరాలికి పోయిన నెలే పదమూడు నిండాయి. అది నోటీసు చదివి, చేతిలో ఉన్న షటిల్ బ్యాటు తెచ్చి బీరువా మీద పడేసి, మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటుంటే నాకు కోపం రాలేదు, ఊరికే నీరసం వచ్చింది. ఈ వయసులో కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి.

నిజానికి ఈ నీరసం ఇవాళ్టిది కాదు. తొంభైల చివర్లో మేం గుంటూరు వైపు నుంచి వచ్చి ఇదే పుప్పాలగూడలో అద్దెకి దిగాం. మా ఆయన బాలానగర్‌లో ఫ్యాక్టరీకి బస్సులు మారి వెళ్ళేవారు. నేను మాదాపూర్‌లో ఒక మేడగదిలో, పొలాలని ప్లాట్లుగా విడగొట్టి నక్షాలు గీసే చిన్న ఆఫీసులో ట్రేసర్‌గా చేరాను. అప్పుడే హైటెక్ సిటీ భవనం కొత్తగా లేచింది, ఆదివారాలు జనం పిల్లాపాపలతో వచ్చి రోడ్డు మీద నిలబడి దాన్ని చూసి వెళ్ళేవారు, మీలోనూ కొందరు చూసే ఉంటారు.

మేమున్న ఇంటి వెనక పెద్ద బీడు, దాని నడుమ నున్నటి పెద్ద బండ ఉండేవి. ఊళ్ళో వాళ్ళు దాన్ని గొర్లబండ అనేవారు. బడి వదిలితే చాలు, మా అమ్మాయీ ఇంటి ఓనరమ్మ పిల్లలూ సిమెంటు సంచులు కింద వేసుకుని ఆ బండ మీద నుంచి జారేవారు, పెద్ద పిల్లలు కింద చదునులో క్రికెట్టు ఆడేవారు, మధ్యలో ఎవరివో బర్రెలు అడ్డం వస్తే ఆట ఆపి, అవి వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టేవారు. మా అమ్మాయి గౌన్లన్నీ వెనక వైపే చిరిగేవి. అతుకులు వేస్తూ తిట్టేదాన్ని, ఆ తిట్లని ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది. చీకటి పడుతుంటే ఓనరమ్మ గోడ దగ్గర నిలబడి తన పిల్లల్నీ మా పిల్లనీ కలిపి ఒకే కేక వేసేది.

ఆఫీసులో పని పద్ధతి వేరు. ముందు రోడ్లు గీయాలి, తర్వాత ప్లాట్లు సర్దాలి, ఇక దేనికీ పనికిరాకుండా వంకరగా మిగిలిన ముక్కని పిల్లల పార్కు అని చూపించాలి. మా సారు ఎంతో మర్యాదగా చెప్పేవారు, "మూల ముక్క ఏదన్నా మిగిలితే పార్కు చేసెయ్యండమ్మా" అని. ఆకుపచ్చ పెన్సిలు ముల్లుని బ్లేడుతో గీకి పొడి చేసి, ఆ పొడిని దూదితో అద్ది కాగితం మీద రుద్దేవాళ్ళం. నా చేతి పచ్చదనం ఎక్కడా మచ్చ లేకుండా ఒకే తీరున వస్తుందని ఆఫీసంతా మెచ్చుకునేది. నేనూ మురిసిపోయేదాన్ని.

అలాగే ఒక నక్షా నా బల్ల మీదికి వచ్చింది. మాకు సర్వే నంబర్లే తెలుసు గానీ ఊరి వాళ్ళు పిలిచే పేర్లు తెలియవు, ఓనరమ్మకి గొర్లబండ తెలుసు గానీ దాని నంబరు తెలియదు. నడుమ రాతినేల అని గుర్తు పెట్టిన చోటు మీదుగా రోడ్డు లాగాను, చదును మీద ప్లాట్లు సర్దాను, చివర్న నాలా పక్కన కరెంటు తీగల కింద మిగిలిన మూడు మూలల ముక్కకి పచ్చరంగు అద్ది, గీసినవారి పేరుకని వదిలిన కింద గడిలో నా పేరు పొడి అక్షరాలు వేశాను. అది మా ఇంటి వెనక నేలేనని నాకు తట్టనే లేదు.

వానలు వెనకబట్టాక బీడు నిండా తెల్లరాళ్ళు పాతారు. ఒక సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి బండకి కన్నాలు వేస్తున్నారు. "జర చూడమ్మా, గొర్లబండను గిట్ల పలగ్గొడుతుండ్రు. ఇగ మన పోరగాళ్ళు ఏడ ఆడుకుంటరు?" అంది ఓనరమ్మ. పక్కనే బోర్డు మీద నా నక్షా, నా పచ్చరంగుతో సహా ఉంది. "అవునండీ, అన్యాయం" అన్నాను. మా అమ్మాయి సిమెంటు సంచి చంకలో పెట్టుకుని గోడ మీద కూర్చుని ఏడుస్తోంది. మర్నాడు మా సారుతో ఏం చెప్పాలో బస్సులో దారి పొడుగునా వల్లించుకున్నాను, వెళ్ళి కూర్చుని ఇంకో నక్షా ముందుకు లాక్కున్నాను.

ఆ పిల్లే పెద్దదై, ఉద్యోగం చేసి, చిన్నప్పుడు జారిన చోటే ఉండాలని పట్టుబట్టి ఇక్కడే ఫ్లాటు కొనుక్కుంది. నా మూడు మూలల ముక్కలో ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మరూ చెత్తబండ్లూ, తుప్పు పట్టిన పార్కు బోర్డూ ఉన్నాయి. నోటీసు చూసి మండిపడ్డ మా అమ్మాయి ఎక్కడి నుంచో పాత నక్షా కాపీ తెచ్చి అన్నాల బల్ల మీద పరిచి, నీకివి చదవడం వచ్చు కదా, పార్కు ఎక్కడ చూపించారో చెప్పమంది. కుడిచేత్తో ఆ మూల చూపించాను. ఎడమచేతి బొటనవేలు మాత్రం కింద గడి మీద నుంచి తీయలేదు.

"ఏ మహానుభావుడు గీశాడో గానీ, వాడికి పిల్లలు లేరు కాబోలు" అంది.

"ఉండే ఉంటారమ్మా" అన్నాను.

మనం పిల్లల్ని ఇంట్లోకి రమ్మని కేకలు వేసిన వాళ్ళం. ఇప్పుడు బయటికి వెళ్ళమని బతిమాలుతున్నాం, వెళ్ళడానికి చోటే లేదు. ఎవరో వచ్చి లాక్కుపోయారని అనుకోవడం మనకి తేలిక, నాకు ఆ తేలిక కూడా లేదు. ఇదంతా రాశాను గానీ, మా అమ్మాయి తెలుగు చదవడం ఏనాడో మానేసింది. నేనే కూర్చోబెట్టి చదివి వినిపించాలి. మూడు రోజులుగా ఈ కాగితాలు నా దిండు కిందే ఉన్నాయి.